అయిదో రాయి మీద పసుపు

మల్లవ్వ నోరు మూసుకునేది రెండే రెండు సమయాల్లో. ఒకటి, నిద్రపోయేటప్పుడు. అది కూడా గట్టిగా చెప్పలేను, వాళ్లాయన బాలరాజు మాట వేరేగా ఉంది. రెండోది, చేతిలో స్టాఫ్ పట్టుకున్నప్పుడు.

స్టాఫ్ అంటే మా సర్వే పనిలో వాడే పొడుగాటి అంకెల బద్ద. ఒకరు దాన్ని రాయి మీద నిటారుగా నిలబెడితే, ఇంకొకరు దూరంగా లెవెల్ యంత్రంలోంచి చూసి అంకె చదివి రాసుకుంటారు. కిందటిసారికీ ఈసారికీ నేల ఎంత కుంగిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ చదివేవాణ్ని నేను. పేరు గిరిప్రసాద్. పుట్టింది తాడేపల్లిగూడెం దగ్గర, అద్దెకుండేది ఉప్పల్లో, కోపం ఉండేది ముక్కు మీద.

మా ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో ఒక లేతు షెడ్డుకూ బిస్కెట్ల ఫ్యాక్టరీకీ మధ్య ఇరుక్కుని ఉండేది. పొద్దున ఇనుప రజను వాసన, మధ్యాహ్నం బిస్కెట్ల వాసన. యజమాని రామచంద్రరావు గారు అరిచారంటే లేతు చప్పుడు వినపడేది కాదు. మల్లవ్వ అక్కడ ఊడవడానికీ టీ తేవడానికీ 2004లో చేరింది. ఆలేరు దిక్కు నుంచి మొగుడితో పాటు దారం మిల్లులో పనికని వచ్చింది. మిల్లు మూతపడ్డాక బాలరాజు ట్రాలీ ఆటో పట్టాడు, ఈమె చీపురు పట్టింది.

మొదట్లో ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను లెక్కలు వేసుకుంటూ ఉంటే వెనక నుంచి తొంగి చూసి, "ఏంది సారూ, గిన్ని అంకెలు రాస్తున్నవ్, ఒక్కదాన్ని జూసన్న నవ్వవేంది?" అనేది. లెక్క తప్పేది. మళ్లీ మొదట్నుంచీ.

ఒకరోజు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర డ్రైనేజీ పనికి కొలతలు తీస్తున్నాం. స్టాఫ్ పట్టే మనిషి చెప్పాపెట్టకుండా మానేశాడు. వాడి బదులు వచ్చినవాడు బద్దను నిలబెట్టలేక ఊగిపోతున్నాడు. యంత్రంలోంచి చూస్తే అంకెలన్నీ ఉయ్యాలలూగుతున్నాయి. నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. అప్పుడే టీ ఫ్లాస్కుతో వచ్చింది మల్లవ్వ.

"జర ఇటియ్యిరి సారూ, గా కట్టె నేను పట్టుకుంట."

"అది కట్టె కాదు!"

"సరే తియ్యి, కట్టె కానిదాన్నే పట్టుకుంట."

కొంగు నడుముకి బిగించి నిలబడింది. నేను యంత్రానికి కన్ను ఆనించాను. అంకె గోడ మీద రాసినట్టు నిలిచి ఉంది. పక్కనుంచి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, దుమ్ము లేచింది, ఎవడో సైకిలువాడు వచ్చి దారి అడిగాడు. మనిషి కదల్లేదు, మాట్లాడలేదు. ఆ రోజు పని రెండు గంటల ముందే అయిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగాను, నోరు తెరుచుకునే.

"పదేండ్ల పిల్లప్పటి సంది నెత్తి మీద బిందె మోసిన సారూ. ఒక్క సుక్క ఒలికితె మా అత్త ఊకుంటుండెనా?"

ఆ సాయంత్రం నుంచే స్టాఫ్ ఆమెదయింది. చీపురు వేరేవాళ్లకు పోయింది.

2006 చివర్లో మాకు బొగ్గుగనుల దిక్కున జాలంపల్లె అనే ఊరి పని వచ్చింది. ఆ ఊరి కింద బొగ్గుంది. ఊరి పక్కన పెద్దకుంట ఉంది. ఆ కుంట ఊటతో డెబ్భై బావులు బతుకుతున్నాయి, ఆ బావులతో ఊరు బతుకుతోంది. గనిలో బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా కొంత బొగ్గును స్తంభాల్లా వదిలేస్తారు. చివర్లో ఆ స్తంభాలను కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు. ఖాళీ అయిన చోట ఇసుకా నీళ్లూ కలిపి గొట్టాల్లోంచి పంపి నింపితే పైనున్న నేల నిలుస్తుంది. నింపకపోతే పైకప్పు కూలి, పైన నేల కుంగుతుంది. కుంగిన నేల మీద కుంట ఉంటే దాని అడుగు పగిలి నీళ్లన్నీ గనిలోకి దిగిపోతాయి.

ఇసుక నింపడం పెద్ద తతంగం. అందుకని గనివాళ్లూ ఊరివాళ్లూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. కుంట పక్క భాగంలో ముందు కొంత బొగ్గు తీసి చూడాలి. కట్ట మీద పాతిన తొమ్మిది రాళ్లను బయటివాళ్లెవరైనా రెణ్ణెల్లకోసారి కొలవాలి. ఏ ఒక్క రాయి అయిదు మిల్లీమీటర్లకు మించి కుంగినా, ఇసుక నింపకుండా కట్ట కింద ఒక్క తట్ట బొగ్గు కూడా తీయకూడదు. అన్నీ నిలిచి ఉంటే ఇసుక లేకుండానే తీసుకోవచ్చు. ఆ బయటివాళ్లం మేమే.

ఇదంతా మల్లవ్వకు సుమోలో ఘట్‌కేసర్ దాటిన దగ్గర్నుంచీ వివరిస్తూ పోయాను. అంతా విని, "అంటే పరుపుల దూది తీసుకుంట పోతరు, మీద పండుకున్నోడు కుంగిపోతడు. ఇసుక వోస్తె మళ్ల దూది కుక్కినట్టు. గంతేనా?" అంది.

"అంతే."

"గిది చెప్పనీకి గంటసేపు పట్టిందేంది సారూ నీకు?"

నాకు మళ్లీ ఒళ్లు మండింది.

మొదటి కొలత కార్తీకంలో తీశాం. ఎనిమిది రాళ్ల దగ్గర మల్లవ్వ మామూలుగానే నిలబడింది. అయిదో రాయి కట్ట మధ్యలో, తూము పక్కన ఉంది. అక్కడ నేను అంకె రాసుకున్నాక ఆమె బొడ్లోంచి చిన్న డబ్బా తీసి, రాయి నెత్తిన ఇంత పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టుకుంది.

"ఏమిటది? తొందరగా రా!" అని కేకేశాను.

"నీళ్లకాడికొచ్చి ఉత్తచేతులతోని పోతరా సారూ?" అంటూ తాపీగా వచ్చింది. ఏదో భక్తిలే అనుకున్నాను.

రెణ్ణెల్ల తర్వాత వెళ్లేసరికి అయిదో రాయి నిలువెల్లా పచ్చగా ఉంది. బంతిపూల దండ, కొబ్బరిచిప్పలు, ఊదుబత్తీల పుల్లలు. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్దదిక్కు సూర్యకళ అనే ఆవిడ, చెయ్యెత్తు మనిషి, మాట కరుకు. ఇదేంటమ్మా అనడిగితే నన్నే ఎగాదిగా చూసింది. "పట్నం నుంచి మిషన్లు పట్టుకొచ్చినోళ్లే మొక్కిన్రంటే ఊకెనే మొక్కుతరా? ఈడ అమ్మ ఉన్నదని మీకు మిషన్ల కనబడ్డది. మాకు చెప్పకుంట పోయిన్రు."

నేను మల్లవ్వ వైపు చూశాను. మల్లవ్వ ఆకాశం వైపు చూసింది.

"రాయి పైన తుడువు, కొలవాలి," అన్నాను.

"పసుపు బొట్టు నేను తుడువ సారూ. ఆడిదాని చేతితోని బొట్టు తుడిపిస్తవా?"

ఆమె గొంతులో ఎప్పుడూ లేని మొండితనం విన్నాను. ఎండ మండుతోంది, ఆకలి దంచుతోంది, సూర్యకళ చూపు వీపు మీద గుచ్చుకుంటోంది. పసుపెంత, గోరంత మందం కూడా లేదు. "సరే, స్టాఫ్ దాని పైనే పెట్టు," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఈ కథంతా మల్లవ్వ మీదికి తోసేయడానికి లేదని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అంతే. మంగళవారం, శుక్రవారం ఊరి ఆడవాళ్లు పసుపు పెడుతున్నారు. నూనె, కుంకుమ, పైన మళ్లీ పసుపు. మల్లవ్వ దండం పెట్టి స్టాఫ్ నిలబెడుతుంది, నేను చదువుతాను.

2007 జులైలో ఎనిమిది నెలల లెక్క తేలింది. నాలుగో రాయి మూడు మిల్లీమీటర్లు కుంగింది. ఆరో రాయి నాలుగు. మిగతావి ఒకటీ అరా. మధ్యలో ఉన్న అయిదోది మాత్రం సున్న. పక్కవి కుంగి మధ్యది నిలవడమేమిటా అని ఒక రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తెల్లారేసరికి కారణం దొరికింది: అయిదో రాయి కింద గట్టి బండ ఉండి ఉండాలి. దాని మీద పేజీన్నర రాశాను. రామచంద్రరావు గారు చదివి, "శభాష్, నీకూ బుర్ర ఉందయ్యా!" అన్నారు. ఏ రాయీ అయిదు దాటలేదు కాబట్టి ఇసుక అక్కర్లేదని సోమవారం గనివాళ్లకు రిపోర్టు ఇవ్వాలి. మంగళవారం నుంచి వాళ్లు కట్ట కింద స్తంభాలు తీయడం మొదలుపెడతారు. వానలు ఇంకా ముఖం చూపించలేదు గానీ, ఇవాళో రేపో కుంట నిండే రోజులవి.

శనివారం పొద్దున్నే నేను రిపోర్టుకు అట్ట వేయిస్తున్నాను. మల్లవ్వ ఆఫీసులోకి వచ్చింది. నోరు మూసుకుని వచ్చింది. చేతిలో స్టాఫ్ లేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు నాచారంలో బోనాలు. పండగని ఇల్లు కడుగుతూ, ఏళ్ల తరబడి ప్రతి శుక్రవారం పూసిన గడప పసుపును కత్తితో గీకిందట. పెచ్చు లేచి వచ్చింది. ఆ పెచ్చును పేపర్లో చుట్టుకుని తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, "దీన్ని కొలువు సారూ," అంది.

"పండగపూట నాకిదేం పని?"

"కొలువు సారూ, నీ కాళ్లు మొక్కుత."

పక్క లేతు షెడ్డుకు పోయి, మందం కొలిచే పరికరం అడిగి తెచ్చి కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు.

"గిది నేనొక్కదాన్ని పెట్టిన పసుపు," అంది మల్లవ్వ. "ఆడ ఊరంత పెడుతున్నది."

రిపోర్టులో అయిదో రాయి పేజీ తీశాను. నేల కుంగుతూ ఉంటే పైన పసుపు పెరుగుతూ వచ్చింది. నేను దాన్ని గట్టి బండ అన్నాను, పేజీన్నర రాశాను, శభాష్ అనిపించుకున్నాను!

ఇద్దరం రామచంద్రరావు గారి గదిలోకి వెళ్లాం. చెప్పాం. ఆయన అరిచిన అరుపులకు లేతు షెడ్డువాళ్లు పని ఆపేసి మా గుమ్మంలోకి వచ్చారు. "ఎనిమిది నెలల పని! పసుపు కొలిచి తెచ్చారా? నేనేం ముఖం పెట్టుకుని ఇంకో పని అడగను?"

మల్లవ్వ తల ఎత్తలేదు. "తప్పు నాది సారూ. నన్ను తీసెయ్యిరి. కని రేపు పోయి ఆ రాయి ఒక్కసారి సక్కగ కొలిచినంక తీసెయ్యిరి. ఆ కుంట ఎండితె నేను తాగే నీళ్లు గొంతు దిగయి."

"ఆమెను తీసేస్తే నన్నూ తీసేయండి, పైనే పెట్టమన్నది నేను," అన్నాను. అంత ధైర్యం నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కుర్చీలో కూలబడి, "రేపు బోనాలు కదే నీకు?" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

"బోనం ఏడికన్న పోతది సారూ. అమ్మ అంతట ఉంటది."

ఆదివారం తెల్లవారుజామున నాచారం చౌరస్తాలో సుమో ఆపితే మల్లవ్వ పట్టుచీరలో నిలబడి ఉంది. నెత్తిన బోనం. కొత్త కుండకు సున్నం, పసుపు, వేపకొమ్మలు, పైన దీపం పెట్టే ప్రమిద. కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా అంటే రెండూ వచ్చాయి. యంత్రం నా ఒళ్లో, బోనం ఆమె ఒళ్లో, స్టాఫ్ బండి పైన. గుంతలొచ్చినప్పుడల్లా ఆమె కుండను పట్టుకునేది, నేను యంత్రాన్ని పట్టుకునేవాణ్ని. జాలంపల్లె చేరేదాకా ఒకరినొకరం తిట్టుకుంటూనే ఉన్నాం.

మేం వచ్చిన సంగతి తెలిసి సూర్యకళ మందితో వచ్చింది. పసుపు తీయాలనేసరికి కట్ట మీద గొడవ లేచింది. "అమ్మ మొకం మీద చెయ్యేస్తరా? ఎవ్వనికెంత ధైర్యం?" నేను మిల్లీమీటర్ల గురించి మొదలుపెట్టబోయాను. మల్లవ్వ నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది.

"అక్కా, మొదటి బొట్టు పెట్టినదాన్ని నేనే. ఇది అమ్మని మిషన్ల కనబడలే. నీళ్లు జూసి మొక్కిన, గంతే," అంది. "మీరు మొక్కినంక అమ్మ వచ్చి కూసున్నది. ఇప్పుడు లేదని నేననను. కని అమ్మ కింద నేల కుంగుతున్నదో లేదో జూసే రాయి ఇది. మనం మీద పసుపు పెట్టుకుంట పోయినం, కింద దిగబడేది మనకు కనబడలే. రేపు కుంట పగిలితె ఏ నీళ్లతోని అమ్మకు తానం పోస్తవు, చెప్పు?"

సూర్యకళ కుంట వైపు తిరిగి చూసింది.

"అమ్మను పొమ్మంటలేను. గద్దె మార్చుకోమని అడుగుదాం. ఉత్తచేతుల రాలే, నాచారం నుంచి బోనం తెచ్చిన."

సూర్యకళ ఆ బోనాన్ని, ఆ పట్టుచీరను చాలాసేపు చూసింది. "పండుగనాడు నీ ఇంట్ల బోనం ఇడిశిపెట్టి మా ఊరికి తెచ్చినవా?" అంది. అంతే, ఆమె గొంతు మెత్తబడింది. డప్పు కోసం మనిషిని పంపింది. పక్కనే ఇంకో రాయి పాతించింది. మల్లవ్వ బోనం ఎత్తుకుని రెండు రాళ్ల చుట్టూ మూడుసార్లు తిరిగింది, ఆడవాళ్లంతా వెనక నడిచారు. నేను కూడా నడిచాను. సూర్యకళ గోరువెచ్చని నీళ్లు పోసి రెండు చేతులతో పట్టి లాగితే ఆ పసుపు బిళ్ల అరిసెలా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కొత్తరాయి నెత్తిన దాన్ని పెట్టి మొక్కారు.

అయిదో రాయి కడిగాక దాని పైనున్న ఇత్తడి బొడిపె ఎనిమిది నెలల తర్వాత ఎండ చూసింది. మల్లవ్వ స్టాఫ్ నిలబెట్టి నోరు మూసుకుంది. నేను చదివాను. మళ్లీ చదివాను. లెక్క వేశాను. ఇంకోసారి వేశాను.

"ఎనిమిది మిల్లీమీటర్లు కుంగింది," అన్నాను.

"ఎనిమిదంటే ఎంత?" అంది సూర్యకళ. వేళ్లతో చూపించాను. "గింతనా!" అంది, నా మీద జాలిపడినట్టు.

"అంతే. కానీ అయిదు దాటింది. ఇసుక నింపకుండా ఇక కట్ట కింద చెయ్యి పెట్టడానికి లేదు."

కట్ట మీద డప్పు మళ్లీ మోగింది. ఈసారి దేవతకో, మిల్లీమీటర్లకో నాకు తెలీదు. సూర్యకళ మల్లవ్వను కావలించుకుంటే, మల్లవ్వ స్టాఫ్ వదలకుండానే ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి, ఎండ అని చెప్పి తుడుచుకున్నాను.

సోమవారం రామచంద్రరావు గారే స్వయంగా వెళ్లి జరిగింది జరిగినట్టు గనివాళ్లకు చెప్పారు. వాళ్ల ఇంజనీరు వచ్చి మళ్లీ కొలుచుకున్నాడు. ఎనిమిదే. పొట్ట పట్టుకుని నవ్వాడట గానీ, మాట మీద నిలబడ్డాడు. ఆ నెలలోనే కట్ట కిందికి ఇసుక గొట్టాలు దిగాయి. మా పని పోలేదు సరికదా, ఇంకా కొలవమన్నారు. మల్లవ్వకు ఆఫీసువాళ్లు ఫొటో పెట్టి గుర్తింపు కార్డు చేయించారు. ఆమె దాన్ని దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించింది, డ్యూటీకి మాత్రం ఎప్పుడూ తేలేదు.

తర్వాత ఏడాదికోసారి కొలతకు నాతో వేరే మనిషి వచ్చేవాడు. ముందు సిటీ పనుల్లో, తర్వాత ఉప్పల్ మెట్రో పనుల్లో మల్లవ్వ లేకపోతే ఎవరికీ అంకె కుదిరేది కాదు మరి. చివరి కొలత 2014లో, రాష్ట్రం వచ్చిన ఏడాది, వానల తర్వాత. "ఈసారి నేనొస్త సారూ. ఆ నీళ్లు సూడాలె," అని పట్టుబట్టి వచ్చింది. జుట్టు సగం నెరిసింది, నడుం మాత్రం అలాగే నిటారుగా ఉంది.

పెద్దకుంట కట్ట అంచుదాకా నిండి ఉంది. తూములోంచి నీళ్లు గలగలమంటున్నాయి. కొత్తరాయికి ఇప్పుడు చిన్న గుడి, దాని ముందు రెండు గంటలు. అయిదో రాయి మాత్రం కడిగిన పళ్లెంలా ఉత్తగా మెరుస్తోంది. మల్లవ్వ దాని దగ్గరికి వెళ్లింది. చాలాసేపు నీళ్లను చూసింది. అలవాటు చొప్పున చెయ్యి బొడ్లోకి పోయి పసుపు డబ్బా తీసింది.

"ఓ అమ్మా! ఆగు, ఆగు!"

బిందె చంకన పెట్టుకున్న ఒక కొత్త కోడలు కట్ట దిగువ నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏ ఊరు నీది? ఆ రాయికి బొట్టు పెట్టొద్దు. మా ఊర్ల ఎవ్వలు పెట్టరు. శుక్రవారం శుక్రవారం తడిబట్టతోని తుడుస్తం. అది నీళ్లను కొలిచే రాయి."

"ఎవలు చెప్పిన్రు బిడ్డా?" అంది మల్లవ్వ.

"నాచారం తల్లి చెప్పింది. గదే ఆమె గుడి. మా సూర్యకళత్త చెప్తది, ఆమెకు నోరు మస్తుగుంటదట, మాట ఇనకుంటె తిట్టి కడుగుతదట. మొక్కుకుంటె ఆడ మొక్కుకో."

నాకు నవ్వు ఆగలేదు. మల్లవ్వ నా వైపు ఒక చూపు చూసింది. డబ్బా మూతపెట్టి బొడ్లో దోపుకుంది. కొంగు తడిపి, అయిదో రాయి నెత్తిన ఇత్తడి బొడిపెను రెండుసార్లు తుడిచి, స్టాఫ్ నిలబెట్టింది. పిల్ల తృప్తిగా తల ఊపి నీళ్లకు పోయింది.

నేను చదివాను. లెక్క వేసుకున్నాను. ఇసుక నింపినప్పటికీ ఇప్పటికీ తేడా చూసుకున్నాను.

"ఎంత సారూ?"

"సున్న."

"సక్కగ చూసినవా?"

"సక్కగ చూశాను మల్లవ్వా. కింద పసుపు కూడా లేదు."

అప్పుడు నోరు విప్పింది. ఉప్పల్ చేరేదాకా మూయలేదు.